మూలపడ్డ యంత్రాలు – 7: తూకానికి పోయిన టీడీసీ

రాయపూర్ స్టేషన్ నుంచి తెలీబంధా మీదుగా ఎక్స్‌ప్రెస్ వే మీద బండి తోలే కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, వాళ్లు పరిగెత్తిస్తున్న ఆ దారి ఒకప్పుడు రైలు పట్టా. 1900 నాటి నేరోగేజ్ లైను, ధమ్‌తరీ దాకా. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. 2017లో స్టేషన్‌కీ తెలీబంధాకీ మధ్య ముక్క మూసేశారు, పట్టాలు పీకేశారు, తారు పోశారు.

మా ఇల్లు తెలీబంధాలోనే. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఈ పేరు విని ‘తెలుగు బంధం’ అనుకుని మురిసిపోతుంటారు. తేలీ అంటే గానుగాడేవాళ్లు, బంధా అంటే చెరువు. ఆ చెరువు చుట్టూ ఇప్పుడు దీపాలు పెట్టి మెరీన్ డ్రైవ్ అంటున్నారు. సముద్రం మాత్రం లేదు. మనకి ఈ ఊరితో బంధం కలిపింది చెరువు కాదు, రైలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్‌కి, బిలాస్‌పూర్‌కి, ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు బోలెడు. మా బావ ఆ కోవలోవాడే. వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరయ్యాడు.

ఈ ధారావాహికలో గత భాగం, వాల్వుల కాలం కంప్యూటర్ల గురించి రాసింది, చదివి వచ్చి అడిగాడు: “నేరోగేజ్ ఇంజన్లకి నాగ్‌పూర్ మోతీబాగ్‌లో మ్యూజియం కట్టారు. 2002 నుంచీ ఉందది. నేను తాకి చూసొచ్చాను. మరి మన హైదరాబాద్‌లో చేసిన కంప్యూటర్లన్నావే, అవెక్కడున్నాయి బావా? తాకడానికి ఒక్కటైనా ఉందా?”

ఆ ప్రశ్న పట్టుకునే ఈ భాగం.

మినీ కంప్యూటర్ అన్న మాట ఈ తరానికి తప్పుదోవ పట్టిస్తుంది. మినీ అంటే చేతిలో పట్టేదేమో అనుకుంటారు. ఒక హాలు నిండా పరుచుకునే ఐబీఎం యంత్రాల పక్కన ఫ్రిజ్ అంత బీరువా మినీయే కదా. 1965 మార్చి 22న అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం మేనార్డ్ ఊళ్లో, పాత ఉన్ని మిల్లు భవనంలో కాపురం పెట్టిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ (అందరూ డెక్ అనేవారు) పీడీపీ-8 అనే యంత్రాన్ని విడుదల చేసింది. పన్నెండు బిట్ల పదం, 4096 పదాల జ్ఞాపకశక్తి. ధర 18,000 డాలర్లు. అప్పటి మారకం రేటు డాలరుకి 4 రూపాయల 76 పైసలు కాబట్టి మన లెక్కలో 86 వేల లోపు. మరుసటి ఏడాది జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. డాలరు ఏడున్నర రూపాయలైంది. యంత్రం అదే, ధర లక్షా ముప్పై అయిదు వేలకి ఎక్కింది. దిగుమతి సుంకం, విదేశీ మారకద్రవ్యం కోసం ఢిల్లీ చుట్టూ తిరుగుళ్లు దీనికి అదనం. మనదేశంలో ‘మనమే చేసుకుందాం’ అన్న మాట పుట్టడానికి దేశభక్తి ఎంత కారణమో ఈ లెక్క కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

చైనా యుద్ధం తరవాత 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. అందులో నలుగురు: భాభా, విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, అయ్యగారి సాంబశివరావు. నలుగురిలో ఇద్దరు మనవాళ్లు. భగవంతం గారిది కృష్ణా జిల్లా ఆగిరిపల్లి. సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టారు. అల్లూరి సీతారామరాజు పూర్వీకులదీ ఆ ఊరే. కాశీ విశ్వవిద్యాలయంలో చదివి, టాటా స్కాలర్‌షిప్ మీద స్టాన్‌ఫర్డ్ వెళ్లి, తిరిగొచ్చి భాభా దగ్గర చేరారు. ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగం ఆయన చేతిలో పెరిగింది. అణు రియాక్టరుకి కావలసిన కొలత పరికరాలు బయట నుంచి తెప్పించుకోవడం కుదరక, సొంతంగా తయారు చేసుకునే అలవాటు అక్కడ పడింది. ఆ అలవాటుకే 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఒక కంపెనీ రూపం ఇచ్చారు. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే మన ఈసీఐఎల్.

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అంటే ఇప్పుడు సిటీ బస్సు బోర్డు, ఒక క్రాస్‌రోడ్స్. పక్కనే ఏఎస్ రావు నగర్. ఆ ఏఎస్ రావు ఎవరని అక్కడ ఇల్లు వెతుక్కునే వాళ్లని అడిగి చూడండి. కాస్త పెద్దవాళ్లయితే ఈసీ టీవీ గుర్తుంటుంది. 1982లో కేరళ అసెంబ్లీ ఎన్నికల్లో పరూర్ నియోజకవర్గంలోని 50 పోలింగ్ కేంద్రాల్లో వాడిన ఓటింగ్ యంత్రాలూ ఈసీఐఎల్‌వే. టీవీ గుర్తుంది, ఓటు మిషన్ గుర్తుంది. కంప్యూటర్ ఒక్కటే ఎవరికీ గుర్తు లేదు.

దాని పేరు టీడీసీ-12. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, పన్నెండు బిట్లది. పోలికలన్నీ పీడీపీ-8వే. 1969 జనవరి 21న ట్రాంబేలో సారాభాయ్ చేతుల మీదుగా మొదలైంది. తరవాత 1974లో టీడీసీ-312, 1975లో పదహారు బిట్ల టీడీసీ-316 వచ్చాయి. 1971 నుంచి 1978 దాకా ఈసీఐఎల్ అమ్మిన కంప్యూటర్లు 98. కొన్నది ఎక్కువగా ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు.

ఎనిమిదేళ్లలో 98. ఈ అంకె చూసి ఆ రోజుల్లోనే వెక్కిరించారు. ఖరీదెక్కువ, ఆలస్యమెక్కువ, బయట దేశాల్లో రెండు తరాలు దాటిపోయాక మనది తయారవుతుంది అన్నారు. ఆ మాటలు అబద్ధాలు కావు. కానీ చిన్న చిన్న విడిభాగాల దగ్గర నుంచి ఇక్కడే పుట్టించుకోవాలని పట్టుబట్టిన కంపెనీని, పక్క వీధిలో భాగాలన్నీ దొరికే కంపెనీతో పోల్చి తీర్పు చెప్పడం సబబు కాదు. నన్నడిగితే ఆ 98 యంత్రాల అసలు సరుకు యంత్రాలు కాదు, వాటిని విప్పి బిగించిన మనుషులు. ఆ సంగతికే వస్తున్నాను.

అంతకు ముందు ఒక తమాషా చెప్పాలి. పాత కంప్యూటర్ బాగుచేసి నడపడం ఇవాళ అమెరికాలో, ఇంగ్లండులో ముచ్చట. మన దగ్గర అరవై ఏళ్ల కిందటే అది పెద్ద వ్యాపారం. 1960లలో ఐబీఎం వాళ్లు ఇతర దేశాల్లో వాడి వదిలేసిన 1401 యంత్రాలని బొంబాయికి తెప్పించి, దులిపి, సర్వీసు చేసి, మన సంస్థలకి అద్దెకిచ్చేవారు. అద్దె మాత్రం కొత్తదాని తీరులోనే. మన దేశంలో ఒక తరం ప్రోగ్రామర్లు చెయ్యి తిప్పుకున్నది సెకండ్ హ్యాండ్ యంత్రాల మీద. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఏసీ గదిలోకి గుళ్లోకి వెళ్లినట్టు వెళ్లేవారు. లోపలున్న దేవుడు అప్పటికే ఇంకో ఊళ్లో పూజలందుకుని వచ్చినవాడని చాలామందికి తెలీదు.

1973 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం కింద విదేశీ వాటా నలభై శాతానికి తగ్గించుకోమంటే ఐబీఎం ఒప్పుకోలేదు. 1978లో దేశం విడిచిపోయింది. వందలాది యంత్రాలు దిక్కులేనివి కావాలి. కాలేదు. కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ, సీఎంసీ, వాటిని భుజాన వేసుకుంది. పేరులోనే మరమ్మతు ఉన్న కంప్యూటర్ కంపెనీ ప్రపంచంలో ఇంకెక్కడుందో చెప్పండి! రకరకాల కంపెనీల యంత్రాలు, రకరకాల డ్రాయింగులు, ఒకే మనిషి చేతిలో స్క్రూడ్రైవర్. ఆ తరవాత సికింద్రాబాద్‌లో పరిశోధన కేంద్రం పెట్టి, రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ రాసి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయిందా సంస్థ. మా బావ టికెట్టు కోసం క్యూలో నిలబడిన కౌంటర్ల వెనకాల ఉన్నది వాళ్ల ప్రోగ్రామే. దాన్ని మొదట్లో నడిపింది డెక్ కంపెనీ వ్యాక్స్ యంత్రాలు, అంటే మన పీడీపీకి మనవడి వరస.

ఇంతకీ ఇప్పుడు వీటిని బాగుచేసేవాళ్లు చేసే పని ఏమిటి? ఇల్లంతా నిండిన బీరువాతో ఏం సరదా? ఈ భాగంలో నేను ఆగి మాట్లాడాలనుకున్నది ఇక్కడే.

మొదటి సూత్రం: స్విచ్ వేయకూడదు. ముప్పై నలభై ఏళ్లు గోదాములో నిద్రపోయిన యంత్రానికి ఒక్కసారిగా కరెంటు ఇస్తే మొదట పోయేది పవర్ సప్లైలో డబ్బాల్లాంటి పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. వాటి లోపల అల్యూమినియం రేకు మీద పలచటి ఆక్సైడ్ పొర ఉంటుంది. ఏళ్ల తరబడి ఓల్టేజీ సోకకపోతే ఆ పొర క్షీణిస్తుంది. నెమ్మదిగా, గంటల తరబడి, డిమ్మర్‌స్టాట్‌తో కొద్దికొద్దిగా ఓల్టేజీ పెంచుకుంటూ పోతే పొర మళ్లీ పేరుకుంటుంది. లంఖణం చేసిన మనిషికి మొదట జావ పట్టినట్టు. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. నేను సర్వీసు ఇంజనీరుగా తిరిగిన రోజుల్లో ఒక ఆఫీసులో (ఏ ఊరో, ఏ ఆఫీసో వద్దు) నాలుగేళ్లు మూలపడ్డ మినీని సోమవారం కల్లా నడిపించమన్నారు. నడిపించాను. మూడు నిమిషాలు నడిచింది. తరవాత దీపావళి. అల్యూమినియం డబ్బా పైకప్పు ఊడి, దూదిలాంటి కాగితం గదంతా ఎగిరి, చేపల కంపు. ఆ ఆఫీసులో హెడ్ క్లర్కు గారు కనిపించిన ప్రతిసారీ చెవుల మీద చేతులు పెట్టుకునేవారు.

కాబట్టి ముందు కార్డులన్నీ బయటికి లాగాలి. పవర్ సప్లై ఒక్కదాన్నే విడిగా కూర్చోబెట్టి, మన టీవీ మెకానిక్కులు పెట్టుకునే సిరీస్ బల్బు లాంటిది దానికి ముందు పెట్టి చూడాలి. బల్బు భగ్గున వెలిగితే ఎక్కడో డెడ్ షార్ట్. వెలిగి మసకబారితే మంచిదే. కార్డుల బదులు ఉత్తి లోడు ఇచ్చి అయిదు ఓల్టులు అయిదే ఉన్నాయా, ఎగిరిపడుతున్నాయా చూడాలి. ఆ అయిదు కాస్తా ఏడు దాటితే కార్డుల మీదున్న 7400 వరస చిప్పులు వందల్లో ఒకేసారి చచ్చిపోతాయి. వాటిలో కొన్ని రకాలు ఇప్పుడు వెతికినా దొరకవు.

ఆ తరవాత శుభ్రం చేయడం. ఇది సగం పని. ఫ్యాన్ల దగ్గర, మూతల కింద వేసిన స్పాంజి కాలం గడిచే కొద్దీ జిగురుగా మారి, నల్లటి పాకంలా కార్డుల మీదకి కారుతుంది. మన వాతావరణంలో దీనికి తోడు ఎలుకలు. వాటి మూత్రం రాగి గీతల్ని తినేస్తుంది. కార్డు అంచున బంగారు పూత పళ్లని ఆల్కహాల్‌తో తుడవాలి. ఇసుక కాగితం ముట్టుకుంటే పూత పోతుంది.

ఇక అసలు అందం కోర్ మెమరీ.

సిలికాన్ మెమరీ చిప్పులు చవకయ్యే దాకా కంప్యూటర్ జ్ఞాపకశక్తి అంటే ఫెర్రైట్ ఉంగరాలు. ఆవగింజంత నల్లటి ఉంగరాలు, వాటి మధ్యలోంచి వెంట్రుకంత తీగలు. అడ్డం ఒకటి, నిలువు ఒకటి, చదవడానికొకటి, ఆపడానికొకటి. సూదితో పూసలు గుచ్చినట్టు మనుషులు, ఎక్కువగా ఆడవాళ్లు, భూతద్దం కింద గుచ్చేవారు. పీడీపీ-8లో 4096 పదాలు, పదానికి 12 బిట్లు, మొత్తం 49,152 ఉంగరాలు. ఒక్కో ఉంగరంలో అయస్కాంతం సవ్యదిశలో ఉంటే ఒకటి, అపసవ్యంగా ఉంటే సున్నా అనుకోండి. అడ్డం తీగలో సగం కరెంటు, నిలువు తీగలో సగం కరెంటు పంపిస్తారు. సగానికి ఏ ఉంగరమూ చలించదు. రెండూ కలిసే చోటున్న ఉంగరం ఒక్కటే తిరగబడుతుంది. తిరగబడితే చదివే తీగలో చిన్న చప్పుడు లాంటి పల్స్. అదే జవాబు. కానీ చదవగానే అందులో ఉన్నది చెరిగిపోతుంది. అందుకని చదివిన వెంటనే మళ్లీ రాసిపెట్టాలి. యంత్రం ప్రతి పదానికీ, ప్రతిసారీ, సెకనుని పది లక్షల వంతులు చేస్తే అందులో ఒకటిన్నర వంతు వ్యవధిలో ఈ చెరపడం, రాయడం రెండూ చేస్తుంది.

కరెంటు పోయినా ఉంగరంలో అయస్కాంతం పోదు. దీనివల్ల ఒక ఒళ్లు జలదరించే సంగతి ఉంది. 1980లో ఎవరో ఆఖరిసారి ఆపేసి తాళం వేసిన యంత్రంలో, ఆ రోజు నడిచిన ప్రోగ్రాం ఇంకా ఉండొచ్చు. తెలివైన వాళ్లు ఏ పరీక్షా పెట్టకముందే, ఉన్నదున్నట్టు ఆ 4096 పదాలని బయటికి చదివి దాచుకుంటారు. పవర్ సప్లై తడబడితే ఆ ఒక్క అవకాశం పోతుంది. మొదటి స్విచ్ దగ్గర అంత పట్టింపు అందుకే.

కోర్ పాడైతే జబ్బు ఎక్కడుందో అది తనే చెబుతుంది. 4096 అంటే అరవై నాలుగు అడ్డాలు, అరవై నాలుగు నిలువులు. పరీక్ష పెట్టినప్పుడు సరిగ్గా అరవై నాలుగు అడ్రసులు తప్పు చూపిస్తూ, వాటన్నిటికీ ఎనిమిది మూలం లెక్కలో చివరి రెండు అంకెలు ఒకటే అయితే, పోయింది జ్ఞాపకం కాదు, ఒక్క తీగని నడిపే డయోడో ట్రాన్సిస్టరో. పావలా వస్తువు. అడ్రసులు ఏ వరసా లేకుండా చెల్లాచెదురుగా తప్పుతుంటే ఓల్టేజీయో, వేడో చూడాలి. అన్ని పదాల్లోనూ ఒకే బిట్టు పోతే ఆ బిట్టుకి చదివే తీగ. నాడి పట్టి రోగం చెప్పే వైద్యుల గురించి మా నాయనమ్మ చెప్పేది. ఈ పని చేస్తున్నప్పుడు ఆవిడ చాలాసార్లు గుర్తొచ్చింది. లోపల తీగ నిజంగా తెగితే మాత్రం మైక్రోస్కోపు కింద రోజుల పని. కొందరు చేశారు కూడా.

అప్పుడు ముందు పలక. వరసగా స్విచ్‌లు, వాటి మీద బల్బులు. యంత్రం నిద్ర లేచినప్పుడు దానికి ఏమీ తెలీదు, కాగితపు టేపు చదవడం కూడా. ఆ విద్య ఒక చిన్న ప్రోగ్రాం. దాన్ని మనిషే స్విచ్‌లతో, ఒక్కో పదమూ పైకీ కిందకీ వేస్తూ ఎక్కించాలి. పీడీపీ-8 వాళ్లకి ఈ పదిహేను పదహారు పదాలు నోటికొచ్చు. ఎక్కించాక టెలిటైప్ మిషన్ కాగితపు టేపుని సెకనుకి పది అక్షరాల చొప్పున టకటకా మింగుతుంది. నాలుగు వేల పదాలు లోపలికి వెళ్లే లోగా టీ తాగి రావచ్చు. డిస్కుల సంగతి పెద్ద కథ. అది వచ్చే భాగానికి అట్టే పెడుతున్నాను.

ఇదంతా ఊహ కాదు. కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో 1960 ప్రాంతపు పీడీపీ-1ని కొందరు వలంటీర్లు, చాలామంది రిటైరైన ఇంజనీర్లే, 2003 తరవాత రెండేళ్లపాటు కూర్చుని బతికించారు. 1962లో ఎంఐటీ కుర్రాళ్లు దాని మీద రాసిన స్పేస్‌వార్ ఆట, రాడార్ తెర లాంటి ఆ గుండ్రటి తెర మీద మళ్లీ నడిచింది. ఇంగ్లండులో బ్లెచ్లీ పార్క్ ఆవరణలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్ వాళ్లు 1951 నాటి హార్వెల్ యంత్రాన్ని 2012లో నడిపించారు. అది మినీ కాదు గానీ మొండితనం అదే. సియాటిల్‌లో మైక్రోసాఫ్ట్ పాల్ అలెన్ పాత యంత్రాలని నిజంగా నడుపుతూ జనం చేత వాడించే మ్యూజియం పెట్టాడు. ఆయన పోయాక 2020లో తలుపులు మూశారు. డబ్బున్నవాడి ముచ్చటకీ ఆయుష్షు ఉంటుందన్నమాట.

అక్కడ ఎందుకు కుదురుతోంది? వాళ్లకి ఓపిక ఎక్కువనో, డబ్బు ఎక్కువనో అనుకునేవాణ్ణి. డబ్బు సంగతి నిజమే. కానీ అంతకంటే ముఖ్యం కాగితాలు. డెక్ కంపెనీ యంత్రంతో పాటు పూర్తి సర్క్యూట్ డ్రాయింగులు, మరమ్మతు పుస్తకాలు, పరీక్ష టేపులు ఇచ్చేది. ఏ కార్డులో ఏ కాలు ఎక్కడికి వెళ్తుందో అంతా అచ్చులో ఉంది. ఆ కాగితాలని అభిమానులు స్కాన్ చేసి అందరి ముందూ పెట్టారు. డెక్‌ని 1998లో కాంపాక్ కొనేసింది, కాంపాక్‌ని హెచ్‌పీ మింగింది. కంపెనీ పేరు మాసిపోయింది, డ్రాయింగులు మిగిలాయి. పీడీపీ-11లు దాదాపు ఆరు లక్షలు అమ్ముడయ్యాయి కాబట్టి ఒకదాని గుండె ఇంకోదానికి పెట్టొచ్చు. 98కి ఆ సౌకర్యం లేదు.

మన యంత్రాలు చెడిపోయి చావలేదు. ఫైలు మీద చచ్చాయి. ప్రభుత్వ ఆస్తికి ఒక ఆయుష్షు రాసి ఉంటుంది. అది తీరాక కమిటీ కూర్చుని ‘కండెమ్’ అని సంతకాలు పెడుతుంది. స్టాకు రిజిస్టరులో ఎర్ర గీత. తరవాత వేలం. కబాడీవాడికి అది కంప్యూటర్ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ అంటే రాగి, చట్రం అంటే అల్యూమినియం, కార్డు అంచు అంటే ఆసిడ్‌లో ముంచితే దిగే బంగారం. కోర్ ఫలకం ఎందుకూ పనికిరాదు. ఫెర్రైట్‌కి ధర లేదు, సన్న తీగలో రాగి గ్రాములు కూడా రాదు. అందుకే కబాడీ కొట్ల దగ్గర ఎప్పుడైనా చేతికి దొరికే అవకాశం ఉన్నది అదొక్కటే. నేను రాయపూర్ కబాడీ కొట్లలో వెతకడం మానలేదు. ఇప్పటిదాకా దొరికింది ఒక పాత టెలిఫోన్ ఎక్స్చేంజి రిలే పెట్టె, బోలెడు చీవాట్లు (ఇవి ఇంట్లో).

డ్రాయింగులదీ అదే దారి. అప్పటి నీలిరంగు ప్రింట్లు అమ్మోనియా వాసనతో పెద్ద చాపల్లా ఉండేవి. చుట్టి అటక మీద పెట్టేవాళ్లం. ఇల్లు మారేటప్పుడు మొదట వదిలేది వాటినే. ఈసీఐఎల్‌లో, సీఎంసీలో, విశ్వవిద్యాలయాల కంప్యూటర్ సెంటర్లలో పనిచేసి ఇప్పుడు ఎనభైలలో ఉన్నవాళ్లు ఈ పత్రిక చదువుతుంటారు. మీ అటక మీద అలాంటి చుట్ట ఉంటే, మనవడు సైన్సు ప్రాజెక్టుకి అట్ట కావాలని చింపక ముందే ఒక ఫొటో తీసి పెట్టమని చెప్పండి. ఇది చరిత్రకారుడి మాట కాదు, పాత మెకానిక్కు ప్రాధేయపాటు.

నాకు మటుకు బీరువా పెట్టుకునే చోటు లేదు, ఇంట్లో ఒప్పుకోరు. నా బల్ల మీద ఉన్నది బొమ్మ యంత్రం. పీడీపీ-11/70 ముందు పలకని అచ్చంగా పోలిన కిట్టు. ఊదా, గులాబీ రంగు స్విచ్‌లు, ఎర్ర దీపాలు. వెనకాల అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డు. అందులో సిమ్‌హెచ్ అనే ప్రోగ్రాం ఆ పాత యంత్రం ఎలా ప్రవర్తిస్తుందో అలాగే ప్రవర్తిస్తుంది. కెపాసిటర్లు పేలవు, ఎలుకలు రావు. నిజం యంత్రం ముందు ఇది నాటకంలో మీసం. కానీ స్విచ్ వేస్తే దీపం వెలుగుతుంది.

మొన్న బావ వచ్చి దాని ముందు కూర్చున్నాడు. “దీనికేటి పని చెప్తావు?”

“చెప్పాల్సింది నువ్వే. ఎడమ నుంచి కాదు, కుడి నుంచి లెక్కెట్టు. పదోది ఒక్కటే పైకి వెయ్యి. మిగతావన్నీ కిందకే. ఇప్పుడు లోడ్ అడ్రస్ నొక్కు.”

లైన్‌మన్ లీవరు లాగినంత జాగ్రత్తగా నొక్కాడు. ఒక దీపం వెలిగింది.

“ఇప్పుడా పదోది దింపి, కుడి నుంచి తొమ్మిదీ పైకెత్తు. డిపాజిట్ నొక్కు.”

తొమ్మిది స్విచ్‌లు. ఎనిమిది మూలం లెక్కలో ఏడు వందల డెబ్భై ఏడు. పీడీపీ-11 భాషలో అది ఒక పూర్తి ప్రోగ్రాం, అన్నిటికంటే చిన్నది: ‘నువ్వున్న చోటికే మళ్లీ వెళ్లు’. మళ్లీ అడ్రస్ పెట్టించి, స్టార్ట్ నొక్కించాను. రన్ దీపం వెలిగి నిలబడిపోయింది.

బావ ఒక నిమిషం చూశాడు. “ఎక్కడికెళ్తంది?”

“ఎక్కడికీ వెళ్లదు. ఉన్నచోటే తిరుగుతా ఉంటుంది, నువ్వు ఆపేదాకా.”

“ఓస్, లూప్ లైన్‌లో పెట్టీశావన్నమాట,” అని కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

(వచ్చే భాగం: తిరిగే పళ్లేలు)